గదిసె ముందు పరిగెత్తినవాడు

పత్రికలవాళ్ళు రాసింది నమ్మితే గదిసె తూఫా చిన్నప్పుడు రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తి బడికి వెళ్ళేదట. శుద్ధ అబద్ధం. వాళ్ళింటి వెనక వాగు దాటితే బడి. ఆమె పరిగెత్తింది కోతుల వెంట. ఇథియోపియాలో మా దింబిరా చుట్టుపక్కల బార్లీ గింజ పాలు పోసుకునే రోజుల్లో చిలాలొ కొండ మీంచి కోతులు మందలుగా దిగుతాయి. ఈ గట్టున అదిలిస్తే ఆ గట్టున దిగుతాయి. ఆమె నాన్న తూఫాకి చేను పెద్దది, కొడుకుల్లేరు, ఉన్న ఒక్క కుక్కా ముసలిది. "కుక్క చెయ్యాల్సిన పని నేను చేశాను" అని గదిసె ఒకసారి విదేశీ విలేకరితో అంటే, పక్కనున్న దుబాసీకి సిగ్గేసి, చదువు మీద మక్కువతో పరిగెత్తేదని చెప్పాడు. ఆ అబద్ధమే దేశాలు తిరిగింది.

ఆమె మొగుడు బదాసొ గురించి ఎవరూ అబద్ధం కూడా రాయలేదు. రాయడానికి ఏముంది? పంతొమ్మిదేళ్ళప్పుడు జిల్లాలో అతన్ని మించిన పరుగువాడు లేడు. ఇరవై ఒకటో ఏట మోకాలు పోయింది. నెయ్యి రాశారు, కోనేటి నీళ్ళు తెచ్చి పోశారు, ఎముకలు సవరించేవాడు కూర్చోబెట్టి తొక్కాడు. ఆ తొక్కుడుతో మిగిలింది కాస్తా పోయిందని ఎషేటు మాస్టారు ఇప్పటికీ తిడతాడు. పోటీకి పనికిరాడు గానీ ఆడపిల్లల వేగానికి ముందు పరిగెత్తడానికి చాలు. అందుకని మైదానంలో పిల్లలకి పరుగు నేర్పే ఆ ఎషేటు మాస్టారే, కోతుల వెంట పడే తూఫా కూతుర్ని తెచ్చి బదాసొ వెనక నిలబెట్టాడు.

మావాళ్ళు వరసలో పరిగెత్తుతారు. ఒక్కడే పరిగెత్తేవాణ్ణి, నలుగురితో ఒకే పళ్ళెంలో తినకుండా ఒక్కడే కంచం ముందేసుకునేవాణ్ణి చూసినట్టు చూస్తారు. జామాయిల్ తోటల్లో, దున్నిన చేల గట్ల మీద, వెనకవాళ్ళు ముందువాడి మడమలు తప్ప ఇంకేం చూడకూడదు. వాడు ఎక్కడ అడుగేస్తే అక్కడే వెయ్యాలి. గుంట వస్తే, రాయి వస్తే, ముందువాడు చెయ్యి వెనక్కి చాపి చూపిస్తాడు. గదిసె ఆరేళ్ళు అలా బదాసొ మడమల వెనక పరిగెత్తింది. పెళ్ళినాడు బదాసొ, "ఆరేళ్ళు నా మడమలే చూసింది పాపం, ఇకనైనా మొహం చూస్తుందని చేసుకుంటున్నా" అంటే పందిరంతా నవ్వింది. గదిసె మాత్రం, "మడమలే నయం" అంది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో ఆమె విదేశాల్లో నాలుగు మారథాన్లు గెలిచింది. దింబిరా మైదానం గేటు మీద ఆమె బొమ్మ వేశారు. రాజధాని పక్కన సులుల్తాలో ఇద్దరూ ఇల్లు కట్టుకున్నారు. అక్కడి చలీ ఎత్తూ పరుగుకి మంచివని దేశంలో ఉన్న పరుగువాళ్ళంతా అక్కడే చేరతారు. అయినా గదిసెకి కడుపు నిండలేదు. ఒలింపిక్స్‌కి ముగ్గుర్నే పంపుతారు. మొదటిసారి జాబితాలో నాలుగో పేరు ఆమెది. రెండోసారి ఎంపికకి నెల ముందు మడమ నరం తెగింది. ముప్పై మూడో ఏట, ఇక ఇదే ఆఖరిసారి అనుకుంటుండగా, చలికాలంలో తన జన్మలో ఎన్నడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తింది. జాబితాలో రెండో పేరుగా నిలిచింది. ఆ కాగితం ఫొటో ఫోన్లో పెట్టుకుని, సంకటి తింటున్నా, కాళ్ళు పిసికించుకుంటున్నా తీసి చూసుకునేది. అంత పెద్ద మనిషి, చిన్నపిల్లలా చూసుకునేది.

ఈ స్థాయి పరుగువాళ్ళకి ఒక బెడద ఉంది. మందులు వాడుతున్నారేమోనని పరీక్ష చేసేవాళ్ళు చెప్పకుండా వచ్చి తలుపు తడతారు. అందుకని రోజులో ఏ గంటలో ఎక్కడ దొరుకుతారో ముందే ఫోన్లో రాసి పంపాలి. రాసిన గంటలో రాసినచోట లేకపోతే ఒక తప్పు. ఏడాదిలో మూడు తప్పులయితే, మందు తిన్నా తినకపోయినా, రెండేళ్ళు పోటీలు బంద్. ఇదివరకు ఆ రాతకోతలన్నీ విదేశంలో ఉన్న ఆమె ఏజెంటు ఆఫీసు చూసుకునేది. మడమ తెగిన ఏడాది ఆ ఏజెంటు మొహం చాటేశాడు. చలికాలం పరుగుతో పరీక్షలు మళ్ళీ మొదలయ్యాక కొత్తగా వచ్చిన ఏజెంటు, ఎవరిది వాళ్ళే రాసుకోవాలన్నాడు. గదిసెకి ఫోన్లో అక్షరాలు కొట్టడమంటే చిరాకు. బదాసొ నేను చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడు కూడా.

మా లెక్కలో పొద్దు పొడిస్తే పన్నెండు. ఆ తర్వాత గంటకి ఒంటిగంట. పొద్దుతో మొదలుకాని రోజేం రోజు? ఫరెంజీలు, అదే తెల్లవాళ్ళు, దయ్యాలు తిరిగే అర్ధరాత్రి నుంచి లెక్కపెడతారు. వాళ్ళ అయిదు మనకి తెల్లవారుజాము పదకొండు. ఈ తేడా బదాసొకి తెలియక కాదు. కానీ ఆ ఫోన్ పత్రంలో దేశం అన్నచోట ఇథియోపియా అని నొక్కాక, గంట కూడా ఇథియోపియా గంటే అడుగుతున్నారనుకున్నాడు. తెల్లవారుజామున పరుగుకి బయల్దేరేముందు గదిసె ఇంట్లో ఉండక ఎక్కడికి పోతుంది? పదకొండు నుంచి పన్నెండు అని నొక్కాడు. మూడు నెలలకీ ఒకేసారి నొక్కేసి, పనయిందని కాఫీ పెట్టుకున్నాడు. ఫోన్ మాత్రం దాన్ని ఫరెంజీల పదకొండుగానే తీసుకుంది. అంటే మిట్టమధ్యాహ్నానికి గంట ముందు, పరుగు ముగించి మొగుడూ పెళ్ళాం కాళ్ళు పట్టించుకోవడానికి ఊరవతలికి పోయే వేళ. గేటుకి తాళం ఉండే వేళ.

మొదటి ఉత్తరం బదాసొ మెయిల్‌కి వచ్చింది. అతనికి వచ్చిన కాస్త ఇంగ్లీషులో అంకెలు మాత్రం బాగా అర్థమయ్యాయి. పదకొండు దాటి అయిదు నిమిషాలకి వచ్చారట, గంటసేపు గేటు కొట్టారట, ఎవరూ తియ్యలేదట. బదాసొ తిన్నగా రాత్రి కాపలా ఉండే గొబెన మీదికి పోయాడు. గొబెన పాత సైనికుడు, ఒక కన్ను యుద్ధంలో పోయింది. దేవదూత గబ్రియేలు మీద ఒట్టేశాడు, తెల్లవారుజామున తను మేలుకునే ఉన్నానని, గేటు దగ్గరికి పిల్లి కూడా రాలేదని. ఉన్న ఒక్క కన్నూ మూసుకుని నిద్రపోయుంటావని బదాసొ అన్నాడు. ఆ మాటకి గొబెన లేచాడు. గొంగళి మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. కాపలావాడేడని గదిసె అడిగితే, వాళ్ళ ఊరికి పోయాడన్నాడు బదాసొ.

ఆ తర్వాత నెల్లాళ్ళు బదాసొయే తెల్లవారుజామున గొంగళి కప్పుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు. రెండో ఉత్తరం మాత్రం వచ్చింది. అదే గంట, అదే మాట. ఎవరో కిట్టనివాళ్ళు కుట్ర చేస్తున్నారనుకుని, ఫోన్ పట్టుకుని రాజధానిలో బడిపంతులుగా పనిచేసే నెగావొ మామ దగ్గరికి పరిగెత్తాడు.

నెగావొ ఉత్తరం చదివాడు. బదాసొ నొక్కిన పత్రం చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒరేయ్, ఇది ఫరెంజీ పదకొండురా. వాళ్ళు మిట్టెండలో వచ్చి నీ గేటు కొట్టుకుంటుంటే, నువ్వు చీకట్లో గొంగళి కప్పుకుని ఎవరి కోసం కూర్చున్నావు?"

బదాసొ ముందు నవ్వాడు, తర్వాత తప్పులు రెండైపోయాయని వేళ్ళు మడిచాడు. ఇద్దరూ కూర్చుని పత్రం దిద్దారు. అయిదు నుంచి ఆరు అని పెట్టారు. ఇక గడియారం తప్పు లేదు. ఏడాది తిరిగేదాకా ఇంకొక్కసారి తప్పకుండా ఉంటే చాలు. నెగావొ గుమ్మం దాకా వచ్చి, ముందు వెళ్ళి గదిసెకి చెప్పమన్నాడు.

"పోటీ అయ్యాక చెప్తా మామా. ఇప్పుడు చెప్తే దానికి నిద్రుండదు."

మాలో ఒక ఆచారముంది. దూరాన ఉన్నవాళ్ళకి, పని మీద ఉన్నవాళ్ళకి చావుకబురు చెప్పరు. ఇంటికొచ్చి, తిని, ఒక నిద్ర తీశాక, తెల్లవారుతుండగా నలుగురు పెద్దలు వెళ్ళి తలుపు తట్టి చెబుతారు. మోసేవాళ్ళు నలుగురు పక్కన లేకుండా మనిషి నెత్తిన బరువు పెట్టకూడదని. తూఫా పోయినప్పుడు గదిసె జపానులో పోటీలో ఉంది. పన్నెండు రోజులు దాచారు. ఆ పన్నెండు రోజులూ బదాసొ ఫోన్లో, మామయ్య చేలో ఉన్నాడు, మామయ్య నిద్రపోతున్నాడు అని చెప్పాడు. గెలిచి వచ్చింది. మెడలో దండతో ఇంటికొచ్చి పడుకుంది. తెల్లారి కబురు విన్నాక బదాసొని పట్టుకుని, చచ్చిన మనిషికి నేను పన్నెండు రోజులు దండాలు చెప్పి పంపానా అని ఏడ్చింది. ఇకెప్పుడూ తన దగ్గర ఏదీ దాచొద్దని మాట తీసుకుంది. ఆ మాట బదాసొకి గుర్తుంది. గుర్తుండీ దాచాడు. అలవాటైన మంచితనమంత చెడ్డది ఇంకోటి లేదు.

అప్పట్నుంచి బదాసొ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. గొబెన ఏ తప్పూ చెయ్యలేదని తెలిసింది, కానీ వెనక్కి పిలిస్తే ఎందుకు పంపావు, ఎందుకు పిలిచావు అని గదిసె అడుగుతుంది. పిలవలేదు. గదిసె ఒక్క రాత్రి ఇల్లు కదలబోయినా అడ్డుపడ్డాడు. చిన్నాన్న కూతురి పెళ్ళికి ఊరెళ్తానంటే వద్దన్నాడు. ఎందుకంటే చెప్పడు. చలిగాలి అన్నాడు, దారి బాగోలేదన్నాడు. వారం రోజులు ఇంట్లో ఇదే రగడ. చివరికి గదిసె కంచం తోసేసి లేచింది.

"నేను నీ పెళ్ళాన్నా, నువ్వు కట్టేసి మేపే పందెం గుర్రాన్నా? నా చిన్నాన్న కూతురి పెళ్ళికి కూడా నేను నీ అనుమతి తీసుకోవాలా?"

"పోటీ దాకా ఓర్చుకో అంటున్నా, అంతే."

"నువ్వేదో దాస్తున్నావు."

బదాసొ లేదన్నాడు. ఆ ఒక్క మాటతో గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది.

పెళ్ళికి వెళ్ళలేదు గదిసె. కానీ మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం, తల్లి వాగులో జారిపడి స్పృహ లేకుండా ఉందని కబురొచ్చింది. బదాసొ వీసా కాగితాల పని మీద రాజధానిలో నెగావొ ఇంట్లో ఉన్నాడు. ఫోన్ చేస్తే మళ్ళీ వద్దంటాడు, చలిగాలి అంటాడు. గదిసె ఫోన్ చెయ్యలేదు. శాలువా కప్పుకుని, పక్కింటి అల్మాజకి తాళం ఇచ్చి, ఆఖరి బస్సు ఎక్కేసింది. మర్నాడు తెల్లవారుజామున, ఫరెంజీ అయిదింటికి, అంటే సరిగ్గా దిద్దిన గంటకే, పరీక్షవాళ్ళు ఇద్దరు వచ్చి గేటు కొట్టారు. గంటసేపు కొట్టారు. అల్మాజ లేచి వచ్చి, అయ్యో, ఆమె వాళ్ళమ్మ దగ్గరికి ఊరెళ్ళింది బాబూ అని చెప్పింది. వాళ్ళు రాసుకున్నారు.

ఇంత ముప్పు తన నెత్తి మీద ఉందని తెలిసుంటే గదిసె చేతిలోని ఫోన్లో ఒక్క ముక్క కొట్టేది. ఈ రాత్రి ఫలానా ఊళ్ళో ఉంటానని. బస్సులో కూర్చునే కొట్టొచ్చు. పరీక్షవాళ్ళు కావాలంటే అక్కడికి వచ్చేవాళ్ళు. ఆ ఒక్క ముక్క.

తల్లి బతికింది. గదిసె నాలుగో రోజు తిరిగొచ్చింది. బదాసొకి అల్మాజ చెప్పడంతో సంగతి అప్పటికే తెలుసు. ఆమె మొహం చూసి మళ్ళీ దాచాడు. ఇంకో మూడు వారాలు ఆమె ముందు పరిగెత్తాడు. గదిసెకి చెప్పింది చివరికి ఎషేటు మాస్టారు. ఎంపిక ఆఫీసువాళ్ళు ఆయనకి ఫోన్ చేసి, మూడు పరీక్షలకి దొరకనందుకు ఆమె పేరు జాబితాలోంచి తీసేశామన్నారట. గదిసె ఇంటికొచ్చేసరికి బదాసొ వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్నాడు.

"మూడంట. మూడేంటి?" అంది.

బదాసొ కత్తి కింద పెట్టి మొత్తం చెప్పాడు. పదకొండు, గొబెన, నెగావొ, దిద్దిన గంట, అన్నీ. గదిసె గుమ్మానికి ఆనుకుని వింది. అంతా అయ్యాక నెమ్మదిగా అంది.

"గంట తప్పు రాయడం పొరపాటే. నేనైనా అలాగే రాసుండేదాన్ని. కానీ పదిహేనేళ్ళు నా ముందు పరిగెత్తావు. గుంట కనబడితే చెయ్యి చూపించడం నీ పని. చూశావు. చూసి, చెయ్యి జేబులో పెట్టుకున్నావు."

బదాసొ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. ఫోన్ తీసి ఆ జాబితా ఫొటో తుడిచేసింది.

విచారణ ఒక గదిలో కంప్యూటరు ముందు జరిగింది. తెర మీద ముగ్గురు ఫరెంజీలు. మర్యాదస్తులే. గడియారం సంగతి అనువాదకుడు చెబితే తలలూపారు, ఒకాయన జాలిపడ్డాడు కూడా. ఆ మెయిల్ ఎవరిదని అడిగారు. గదిసె ఇచ్చిన మెయిలే, బదాసొది. దానికి ఉత్తరం చేరితే ఆమెకి చేరినట్టే అన్నారు. రెండేళ్ళు. ఆ కాగితంలో ఆమె మందు తిన్నదని ఒక్క అక్షరం లేదు. కానీ కాగితం ఎవరు చదువుతారు? రేడియోలో ఒక్క ముక్క చెప్పారు, మందుల పరీక్షకి దొరక్కుండా మూడుసార్లు తప్పించుకుందని. దింబిరా సంతకి అది చాలు. నెల తిరక్కుండా మైదానం గేటు మీది బొమ్మకి ఎవరో సున్నం కొట్టారు.

గదిసె దింబిరా పక్క పల్లెలో పుట్టింటికి పోయి కూర్చుంది. అప్పుడు ఊరి ఆడవాళ్ళు సింకె కర్రలు తీశారు. పెళ్ళినాడు తల్లి కూతురి చేతికిచ్చే కర్ర అది. పెళ్ళయిన ఆడదానికి అన్యాయం జరిగితే ఊరి ఆడవాళ్ళంతా ఆ కర్రలు పట్టుకుని మగవాడి ఇంటి ముందు కూర్చుంటారు. తీర్పయ్యేదాకా ఏ ఇంట్లో పొయ్యి వెలగదు, ఎవరూ పాలు పితకరు. డెబ్బై మంది వచ్చి, బదాసొ వచ్చి ఉంటున్న అతని అన్న ఇంటి ముందు కూర్చున్నారు. రెండో రోజుకి పొదుగులు నిండిన ఆవుల అరుపులతో ఊరు దద్దరిల్లిపోయింది. మగవాళ్ళు వేపుడు బార్లీ నమిలి బదాసొని శపించారు.

బదాసొ వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేసింది చెప్పాడు. ఈ గొడవకి దారితీసిన ఫరెంజీ గడియారం ముసలమ్మలకి ఎంతకీ అర్థం కాలేదు గానీ, మొగుడు దాచాడన్నది బాగా అర్థమైంది. అందరిలోకీ పెద్దదైన దురేటి అవ్వ పెయ్యదూడని ఇమ్మంది. ఇచ్చాడు. పెద్దమనుషులు రాజీకి గుర్తుగా పచ్చగడ్డి చేతపట్టి నిలబడ్డారు. ఇక ఒప్పుకోవాల్సింది గదిసె. మొగుడి మీద జాలితో ఒప్పుకుందంటారు కొందరు. కాదు. ఆ ఆవుల అరుపులు వినలేక ఒప్పుకుంది.

"ఈ మాట ఈ పూటతో చచ్చింది, ఇక్కడే పాతిపెట్టాం" అంది దురేటి అవ్వ. "దీన్ని మళ్ళీ తవ్వినవాళ్ళు, మొగుడు గానీ, పెళ్ళాం గానీ, ఈ కర్ర పట్టుకున్న మేము గానీ, మా తీర్పు మీద ఉమ్మేసినట్టే."

అందరూ అవునన్నారు. మంచి ఆచారమే. పాత గాయాలు గెలుక్కుంటూ కూర్చుంటే సంసారాలు నిలవవు. కానీ ఆ పూట పాతిపెట్టింది బదాసొ తప్పు ఒక్కటే కాదని ఎవరికీ తట్టలేదు. గదిసె నిర్దోషి అని చెప్పే మాట కూడా దాంతోపాటే మట్టిలోకి పోయింది. సంతలో ఎవరైనా ఎగతాళిగా, ఏం అక్కా, ఆ మందెక్కడ దొరుకుతుంది, మా ముసలి గాడిదకి కావాలి అంటే, మందు కాదు, నా మొగుడు గంట తప్పు రాసి దాచాడు అని ఆమె ఇక చెప్పకూడదు. నిజం తెలిసిన డెబ్బై మంది ఆడవాళ్ళూ చెప్పకూడదు. వాళ్ళు మాట తప్పే రకం కాదు. సంతలో అలాంటి మాట వినబడితే తలలు తిప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళు, దాంతో సంతకొచ్చినవాళ్ళు, చూశారా, సొంత పల్లెవాళ్ళే మాట్లాడటం లేదు అనుకునేవాళ్ళు. కుండ మూతికి మూకుడు గానీ, ఊరి మూతికి మూకుడుందా?

సులుల్తా ఇల్లు వదిలేసి ఇద్దరూ దింబిరాలో ఉండిపోయారు. ఒకే ఇంట్లో, ఒకే పళ్ళెంలో తిన్నారు. ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నారు. ఆ సంగతి తప్పిస్తే మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. బదాసొ రెండుసార్లు క్షమించమని అడగబోయాడు. గదిసె చెయ్యెత్తి ఆపింది. అడగడం కూడా తవ్వడమే.

రెండేళ్ళు గడిచాయి. అప్పటికి ఆమెకి ముప్పై ఆరు. కాళ్ళు బరువెక్కాయి. ఆ ఏడే ఎషేటు మాస్టారు వయసు మీదపడి మైదానం వదిలేస్తూ, ఆడపిల్లలకి నేర్పడానికి గదిసె కంటే తగినవాళ్ళు లేరని రాసిచ్చాడు. గదిసె దరఖాస్తు పెట్టింది. ఆమె మొహంలో కాస్త రక్తం కనబడింది. పెట్టె అడుగునుంచి విజిల్ తీసి కడిగింది. పొద్దున్నే లేచి మైదానం గేటు దాకా నడిచి, లోపలికి వెళ్ళకుండా, పిల్లల అడుగులు ఎక్కడ తప్పుతున్నాయో బయటినుంచి చూసి వచ్చేది. ఆ నెల రోజులూ బదాసొతో రెండు మాటలు ఎక్కువ మాట్లాడింది కూడా.

క్రీడా కమిటీ సభకి పిల్లల తల్లిదండ్రులూ వచ్చారు. ఒక తండ్రి లేచి, మా పిల్లకి పరుగు నేర్పమని పంపుతున్నాం గానీ సూదులు పొడుచుకోవడం నేర్పమని కాదన్నాడు. కొందరు నవ్వారు, కొందరు సిగ్గుపడ్డారు. ఒక తల్లి మాత్రం, చూడనిది ఎందుకనాలి, ఆమె తిన్నదని మనకేం తెలుసు అంది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆమెకి వంత పాడారు. వెనక బెంచీ మీద గదిసె చేతులు చూసుకుంటూ కూర్చుంది. సింకె పట్టిన ఆడవాళ్ళు అయిదారుగురు గోడవార నిలబడి ఉన్నారు. వాళ్ళ పెదాలు బిగుసుకుపోయి ఉన్నాయి.

బదాసొ లేచాడు. ఏమైతే అదవుతుందని, ఒట్టు తీసి గట్టున పెట్టి, మొత్తం చెప్పేశాడు. తను నొక్కిన పదకొండు, తనకొచ్చిన ఉత్తరాలు, తను దాచిన నెలలు. ఆమెకి తెలియదని, ఆమె ఒక్క మాత్ర కూడా మింగలేదని, తప్పంతా తనదేనని. చెప్పి, కూలబడ్డాడు.

కమిటీలో ఉన్న ముసలాయన కర్ర పొడుచుకుంటూ నడిచొచ్చి బదాసొ భుజం ముద్దుపెట్టుకున్నాడు.

"మగాడంటే ఇలా ఉండాలయ్యా. పెళ్ళాం చేసిన తప్పు నెత్తినేసుకుని నలుగుర్లో తలొంచుకునేవాడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు?"

చప్పట్లు కొట్టారు. బదాసొ మళ్ళీ లేచి, నెత్తినేసుకోవడం కాదు, నిజం చెబుతున్నా అని అరిచాడు. తల్లి మీద ఒట్టేశాడు, కొండ మీద ఒట్టేశాడు. ఎంత ఒట్టేస్తే అంతగా ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నిజమేదో చెప్పండని గోడవారనున్న ఆడవాళ్ళ వైపు తిరిగాడు. మాట తప్పినవాడి వైపు చూడకూడదని వాళ్ళు మొహం తిప్పుకున్నారు. ఇందాక గదిసె తరఫున మాట్లాడిన తల్లి, పోనీలే, ఎంత మంచి మొగుణ్ణిచ్చాడు దేవుడు అని కూర్చుంది. చేతులెత్తితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఒట్టు తప్పినందుకు పెద్దమనుషులు ఆ వారంలోనే బదాసొ దగ్గర ఇంకో దూడని తీసుకున్నారు.

సభనుంచి ఇంటికి నడుస్తున్నంతసేపూ గదిసె ముందు నడిచింది. బదాసొ వెనక నడిచాడు. చెప్పేశాను కదా అన్నాడు, చెప్పాను కదా గదిసె అన్నాడు. ఇంటి కంచె దగ్గర ఆమె ఆగింది.

"ఇన్నాళ్ళూ నేను మందు తినలేదేమోనని అనుకునేవాళ్ళు ఊళ్ళో ఓ నలుగురుండేవాళ్ళు. ఇవాళ వాళ్ళు కూడా లేకుండా చేశావు."

కోపంగా అనలేదు. తలుపు గడియ తీసి లోపలికెళ్ళి పొయ్యి రాజేసింది.

ఆ తర్వాత మా దింబిరాలో పెళ్ళి జరిగితే, కొత్త జంటకి బుద్ధులు చెప్పే పెద్దల వరసలో బదాసొని కూర్చోబెట్టడం ఆనవాయితీ అయింది. మొదటి పిలుపు వచ్చినరోజు అతను వెళ్ళనన్నాడు. మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. గదిసె అతని తెల్ల శాలువా ఉతికి ఆరేసింది. ఆరాక మడిచి తెచ్చి మంచం మీద పెట్టింది.

"వెళ్ళు. వెళ్ళకపోతే నేనే వద్దన్నానంటారు" అంది.

బదాసొ లేచి శాలువా కప్పుకుని వెళ్ళాడు.